నేస్తం పేరు చెప్పమంటున్నారు

పార్వతీపురం నుంచి

చిరంజీవి తమ్ముడు బొంజన్నకు అక్క చిలకమ్మ నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాస్తున్నది. నువ్వూ, మరదలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. చిన్నమ్మకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఎర్రావు ఈనిందా? ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి నేనూ రాస్తున్నాను. గణేశు క్షేమం. కోడలు క్షేమం. మనవరాలు క్షేమం. నా సంగతి కింద రాస్తాను. కళ్ళజోడు పెట్టుకుని, ఒకచోట కూర్చుని, చివరిదాకా చదువు. సగం చదివి జేబులో కుక్కుకుని పశువుల దగ్గరికి పోవడం నీకు అలవాటు. ఈసారికి ఆ పని చెయ్యకు.

మొన్న ఫోన్‌లో నేను సరిగా మాట్లాడలేదని నొచ్చుకుని ఉంటావు. సిగ్నలు కోసం కొండెక్కి, ఆయాసపడుతూ నువ్వు చెప్పిన మాటలు నా చెవుల్లోనే ఉన్నాయి. "అక్కా, నీ నేస్తం సంతకి రాటం మానేసినాది. గుమ్మంలో కూకుంటాది. ఎవులొచ్చి పలకరించినా మాటాడదు. పెడితే తింటాది, నేకపోతే నేదు. ఆళ్ళ కోడలు గాలి సోకిందని గురువుని పిలిపించి మంత్రం ఏయించింది" అన్నావు. నేనేమన్నాను? "ఆహా, అలాగా" అన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది తమ్ముడూ. నా చెవులు మందమని ఈ ఇంట్లో నాకొచ్చే ఫోన్లన్నీ స్పీకర్‌లోనే పెడతారు. కోడలు కూర తరుగుతూ వింటోంది, గణేశు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ వింటున్నాడు. నేను ఏడిస్తే మళ్ళీ మందు పెంచుతారని ఆహా అన్నాను. అప్పటి నుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

నన్ను గణేశు ఇక్కడికి ఎందుకు తెచ్చాడో నీకు తెలుసు. పోయిన వానల్లో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, నువ్వూ ఊళ్ళో మగవాళ్ళూ డోలీ కట్టి నన్ను రోడ్డు దాకా మోశారు. ఆ డోలీ కొండ దిగడం వాడు కళ్ళారా చూశాడు. అమ్మని ఇక కొండ మీద ఉంచనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. ఇక్కడ ఇంటి ముందుకే ఆటో వస్తుంది, నాలుగడుగులు వేస్తే మందుల షాపు. నా ఒంటికి ఏ లోటూ లేదు. ఇది చిన్నమ్మకి గట్టిగా చదివి వినిపించు, లేకపోతే కోడలు నన్ను ఆకలితో మాడుస్తోందని ఊరంతా చాటుతుంది.

కోడలు మంచిది. ఒకసారి నోరు ఊరుకోక చోడి అంబలి తాగాలనుందని అన్నాను. ఆ పిల్ల బజారు నుంచి పిండి తెచ్చి, పాలు పోసి, చక్కెర వేసి, పైన జీడిపప్పు అలంకరించి గాజు గ్లాసులో తెచ్చి ఇచ్చింది. రాగి మాల్ట్ అట. పులుపు లేని అంబలిని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసింది. బాగుందని తాగాను. అంత ప్రేమగా చేస్తే ఇంకేమంటాను?

ఈ చలికాలంలో కూడా ఇక్కడి ఎండలు భరించలేకుండా ఉన్నాను. మేడ మీద ఇల్లు కావడంతో మధ్యాహ్నానికి గోడలు కూడా కాలిపోతాయి. మన దగ్గర ఈ వేళకి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ ఉంటారని చెబితే మనవరాలు నమ్మదు.

పొద్దున్నే ముగ్గురూ వెళ్ళిపోతారు. వాడు ఆఫీసుకి, కోడలు బట్టల షాపుకి, మనవరాలు స్కూలుకి. ఆ తలుపు వేసుకున్న దగ్గర నుంచి సాయంత్రం దాకా నా నోటి నుంచి ఒక మాట బయటికి రాదు. టీవీలో వాళ్ళు తెగ మాట్లాడతారు. మొదట్లో ఊఁ కొట్టేదాన్ని. తర్వాత ఎదురు అడిగేదాన్ని. ఒకరోజు కోడలు ముందుగా ఇంటికొచ్చి, నేను వార్తలు చదివే అమ్మాయితో వానల గురించి వాదిస్తుంటే గుమ్మంలో నిలబడిపోయింది. "అత్తా, ఎవరితో మాటాడతన్నావు?" అంది. ఆ రోజు నుంచి టీవీ పెట్టడం మానేశాను.

ఇంకో సంగతి. మన కొండ మాట నా నోట్లోంచి జారిపోతోంది. కూరకి లేత వెదురు కొమ్ములు తరిగే చిన్న కత్తి ఉంటుంది కదా, దాన్ని మన మాటలో ఏమంటామో ఒక పూటంతా ఎంత తన్నుకున్నా రాలేదు. ఎవరిని అడగను? గణేశు చిన్నప్పటి నుంచి ఆశ్రమ స్కూళ్ళలో, హాస్టళ్ళలో పెరిగినవాడు. వాడికి మన మాట అర్థమైతే అవుతుంది, పలకడం రాదు. మన పద్ధతులు అంతకన్నా తెలియవు. వాడికి సెలవులు ఉన్నప్పుడే పండగలు రావు కదా. ఆ కత్తి పేరు రెండో రోజు స్నానం చేస్తుంటే తట్టింది. మరచిపోకుండా దాన్నే పది సార్లు అనుకున్నాను. బాత్రూములో ఒక్కదాన్ని నిలబడి కత్తి, కత్తి అనుకునే ముసలిదాన్ని చూస్తే నీకూ అనుమానం వస్తుంది.

ఊరికే కూర్చోకూడదని నేనూ ప్రయత్నం చేశాను తమ్ముడూ. పక్కింట్లో ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. నా వయసే, ఆమెకీ పగలంతా ఎవరూ ఉండరు. ఒకరోజు ధైర్యం చేసి, కోడలి కుండీలోని బంతిపువ్వు కోసుకుని వెళ్ళి, "మేడం గారూ, మనం నేస్తం కట్టుకుందామా?" అని అడిగాను. ఆమె మంచిగానే నవ్వింది. "అయ్యో, మనం ఆల్రెడీ ఫ్రెండ్సే కదండీ" అని పువ్వు తీసుకుని దేవుడి గూట్లో పెట్టి, నన్ను ఫోన్‌లో ఏదో గ్రూపులో చేర్పించింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కోడలి ఫోన్‌కి నా పేరిట గులాబీ బొమ్మ వస్తోంది. ఈ సంగతి నా నేస్తానికి చెప్పేవు సుమా. దాన్ని కాదని ఇంకొకతె దగ్గరికి పువ్వు పట్టుకెళ్ళానని తెలిస్తే నన్ను కొండ ఎక్కనివ్వదు.

ఆ తర్వాత నాకు ఏదీ చెయ్యబుద్ధి కాలేదు. తల దువ్వుకోబుద్ధి కాదు. అన్నం పళ్ళెంలో పెట్టుకుంటే ముద్ద దిగదు. గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు వాలిందో తెలియదు. చచ్చిపోతే బాగుండునని ఒకటి రెండు సార్లు అనిపించిన మాట కూడా నిజం. నీకు కాక ఎవరికి చెప్పను? నువ్వు ఫోన్‌లో నేస్తం గురించి చెప్పినవన్నీ ఇక్కడ నాకు జరుగుతున్నవే. దానికి అక్కడ గురువుని పిలిచారు, నాకు ఇక్కడ డాక్టరుని చూపించారు. ఆ గుమ్మంలో అదీ, ఈ మంచం మీద నేనూ. మా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళం లేచి పోయి వంట చేసుకుంటాం. ఈ ఒక్క మాట ఎవరికీ ఎందుకు తోచదో నాకు అర్థం కాదు.

డాక్టరు దాకా ఎలా వెళ్ళిందో చెబుతాను. ఒకరోజు నేను తలుపు దగ్గరికి వేసి బస్సుల కాంప్లెక్స్‌కి నడిచిపోయాను. ఎక్కడికీ పోదామని కాదు. కొండల నుంచి దిగిన ఆడవాళ్ళు చింతపండు బుట్టలతో అక్కడ కూర్చుంటారు. వాళ్ళ మాట వేరు, మన మాట వేరు, అయినా వాళ్ళ చీరల్లో పొయ్యి పొగ వాసన ఉంటుంది. వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఒకామె నాకు అడ్డాకులో ఉడకబెట్టిన చిక్కుడు గింజలు పెట్టింది. హాయిగా తిన్నాను. పొద్దుగూకిన సంగతి చూసుకోలేదు. గణేశు ఊరంతా వెతికి, చెమటలు కక్కుకుంటూ వచ్చి నా ముందు కూలబడ్డాడు. "ఏటమ్మా ఇది? ఎక్కడికెల్దామని వచ్చావు? ఇంటికి దారి మర్చిపోనావా?" అని అడిగాడు. దారి గుర్తుందిరా అన్నాను. నమ్మలేదు.

మర్నాడే ఆస్పత్రి. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీస్తే ఎంత అని అడిగాడు. అంగన్‌వాడీలో పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, టకటకా చెప్పాను. "మీ ఆయన పేరేంటమ్మా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. కోడలు నవ్వి, "పాతకాలపోలు మొగుడి పేరు చెప్పరు సార్" అంది. డాక్టరు కూడా నవ్వాడు, సరే అన్నాడు. తర్వాత, "మీకు బాగా దగ్గరివాళ్ళు ఎవరు?" అన్నాడు. నా నేస్తం అన్నాను. "ఆవిడ పేరు?" అన్నాడు.

నేనేమి చెబుతాను? నీకు తెలియని సంగతి కాదు. అయినా డాక్టరుకి చెప్పాలనుకుని చెప్పలేకపోయింది నీకైనా చెబుతున్నాను. మేమిద్దరం ఓణీలైనా వెయ్యని వయసులో, చైత్రం పండగనాడు, అమ్మ మా ఇద్దరి తలల మీద పసుపు బియ్యం పోసింది. ఒకరి జడలో ఒకరం పువ్వు పెట్టుకున్నాం. ఒకే ఆకులో తిన్నాం. ఆ రోజు నుంచి దాని పేరు నా నోటికి లేదు, నా పేరు దాని నోటికి లేదు. పేరు పెట్టి పిలిస్తే నేస్తరికం తెగిపోయినట్టే. పెళ్ళిళ్ళయినా, పిల్లలు పుట్టినా, ఇద్దరి మొగుళ్ళూ పోయినా, ఒకే గోనె పరచుకుని సంతలో పిప్పళ్ళు అమ్మినా, దెబ్బలాడుకుని నెల రోజులు మాటలు మానుకున్నా, పేరు మాత్రం పలకలేదు. దెబ్బలాటలో కూడా "ఏటే నేస్తం, నీ నోట్లో మన్నడ" అనే తిట్టింది తప్ప హద్దు దాటలేదు.

"చెప్పకూడదు బాబూ" అన్నాను. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "గుర్తు రాకపోతే పర్వాలేదమ్మా, నిదానంగా ఆలోచించండి" అన్నాడు. గుర్తులేక కాదు బాబూ, చెప్పకూడదు అన్నాను మళ్ళీ. అప్పుడు డాక్టరు గణేశుతో మెల్లగా అన్నాడు, మరుపు మొదలైనవాళ్ళు తెలియనట్టు కనబడకుండా ఇలాంటి సాకులు చెబుతారని. నా చెవులు మందమే గానీ అది మాత్రం వినబడింది.

గణేశు నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, రోజూ మనింటికి వచ్చీది కదే. నాకు చిన్నప్పుడు తేనె పెట్టీది. ఆవిడ పేరు గుర్తు నేదా నీకు?" అని, డాక్టరు ముందే దాని పేరు గట్టిగా అనేశాడు. అని ఏడ్చాడు. అంత మొగోడు, ఆఫీసులో పదిమందికి చెప్పేవాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నకొడుకు నా కోసం ఏడుస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను తమ్ముడూ. ఒక్క మాట అంటే వాడి ఏడుపు ఆగిపోతుంది. ఆ మాట నాలిక చివర ఉంది. మింగేశాను.

ఇంటికొచ్చాక అంతా విడమరచి చెప్పాను. నమ్మకపోతే మావయ్యని అడగరా అన్నాను. "మావయ్య నీ తమ్ముడు కదే, నిన్నెనకేసుకొత్తాడు. ఒక్కసారి నువ్వే చెప్పమ్మా. ఆ ఒక్క పేరు చెప్పు, నీకు మరుపు నేదని డాక్టరు రాస్తే నేనే నిన్ను ఊరు తీసుకెల్తాను. నీకు ఎన్నాళ్ళు ఉండాలనుంటే అన్నాళ్ళు ఉండు" అన్నాడు. చెప్పకపోతేనో? ఊళ్ళో ఇల్లు మూసేసి, కాఫీ మొక్కలు నీకు అప్పజెప్పి, నా రేషను కార్డు ఇక్కడికి మార్పించేస్తాడట. మతి తప్పిన మనిషిని రోడ్డు లేని కొండ మీద ఎలా వదలమంటావు అంటాడు. అదీ న్యాయంగానే ఉంది. మళ్ళీ ఈ నెలాఖరున డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

నా ఇరకాటం చూశావా? పేరు చెబితే ఊరొస్తాను, కానీ నేస్తం లేని ఊరికొస్తాను. చెప్పకపోతే నేస్తం ఉంటుంది, నేనిక్కడ ఉంటాను. ఇద్దరం చెరో గోడకేసి చూస్తూ పోతాం. ఇప్పుడు నన్ను ఒంటరిగా బయటికి వదలడం లేదు. బయట గడియ పెట్టి వెళ్తారు. డాక్టరు రాసిచ్చిన మందు వేసుకుంటే పొద్దెక్కేదాకా తల నిలవదు. మందు మత్తులో నిన్న ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టానో మరచిపోయాను. కోడలు నావైపు చూసిన చూపు చెప్పలేను. ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది, వాళ్ళన్నదే నిజమేమోనని. నేను నేనేనని ఒప్పుకునే మనిషి ఎదురుగా లేకపోతే ఎన్నాళ్ళు నిలబడతాను? అక్కడ నేను నీకు అక్కని, మరదలికి వదినని, పిల్లలకి టీచరమ్మని. ఇక్కడ నేను ఒక ఫైలు మీద పేరుని.

నువ్వు చెయ్యవలసినవి ఇవి. మొదట చిన్నమ్మని అడుగు, తెగిన నేస్తరికాన్ని మళ్ళీ కట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళో గానీ చుట్టుపక్కల గానీ ఉన్నారా అని. దానికేమన్నా దారి ఉంటే ఆమెకే తెలుస్తుంది. ఎంత ముసలమ్మైనా ఆ సంగతులు మరవదు. తర్వాత నెలాఖరు లోపు వీలైతే ఒకసారి ఇక్కడికి రా. వరి కోతలని వంక పెట్టకు. మేనమామవి, ఎదురుగా కూర్చుని చెబితే గణేశు వింటాడేమో. వచ్చేటప్పుడు గుప్పెడు పిప్పళ్ళు, కాస్త పులిసిన అంబలి సీసాలో పోసి తీసుకురా. మూత గట్టిగా బిగించు, బస్సులో పొంగుతుంది.

చిన్నమ్మ పాదాలకి నా దండాలు చెప్పు. నా కోసం ఊరి దేవతకి ఒక కోడి మొక్కమను. ఆమె దీవెన ఎప్పుడూ నన్ను కాచింది, ఇప్పుడూ కాయమను. మరదలిని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. ఊళ్ళో నన్ను తలచిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

ఇంకొక్క పని ఉంది. అన్నిటికన్నా ఇదే ముందు చెయ్యాలి. ఉత్తరం చదివి లేచి తిన్నగా నేస్తం గుమ్మంలోకి వెళ్ళు. దాని ఎదురుగా కూర్చో. వాళ్ళ కోడలు వద్దన్నా వినకు. "మా అక్క నీ పేరు పలుకుతానంటోంది. డాక్టరు ముందు, అందరూ వినేలా, నీ పేరు పెట్టి పిలుస్తానంటోంది" అని గట్టిగా చెప్పు. దానికి కోపం వస్తుంది, నాకు తెలుసు. ఇన్నాళ్ళ నేస్తరికం మట్టిలో కలుపుతావా అని లేస్తుంది. నా ఏడు తరాలనీ తిడుతుంది. తిట్టనీ. ఎంతసేపు తిడితే అంతసేపు కూర్చుని విను, ఒక్క ముక్క వదలకుండా నాకు రాసి పంపు. అది నన్ను తిట్టిందంటే బతికే ఉందని నాకు నమ్మకం కలుగుతుంది, నేనూ ఇక్కడ లేచి తల దువ్వుకుంటాను.

ఒకవేళ నువ్వు అంత మాట అన్నా అది ఉలక్కుండా పలక్కుండా అలాగే కూర్చుంటే, తమ్ముడూ, అబద్ధమైనా సరే, తిట్టిందనే రాయి.

నీ అక్క
చిలకమ్మ